తటస్థంగా ఉన్నవాడికే పని ఎక్కువ

ఎక్కడో యుద్ధం మొదలవగానే మన టీవీల్లో, ఫోన్లలో రెండు గొంతులు లేస్తాయి. ఒకటి "వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటుంటే మధ్యలో మనకెందుకు" అంటుంది. రెండోది "గోడ మీద పిల్లిలా ఎన్నాళ్ళు, ఎవరి పక్షమో తేల్చి చెప్పండి" అంటుంది. ఈ రెండిటితోనూ నాకు పేచీ ఉంది. పరాయి యుద్ధంలో ఏ పక్షానా చేరకపోవడం చాలాసార్లు సరైన నిర్ణయమే. కానీ చేరబోమని చెప్పేసి చేతులు దులుపుకుంటే కుదరదు. పోరాడుతున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితికి వచ్చాక కొన్ని పనులు ఎవరూ చెయ్యకుండా మిగిలిపోతాయి. కబురు మొయ్యాలి. గాయపడ్డవాళ్ళకు కట్టు కట్టాలి. ఖైదీల్ని అప్పగించాలి. దిగ్బంధంలో చిక్కుకున్న ఊరికి గింజలు చేర్చాలి. ఇవి బయటివాడు మాత్రమే చెయ్యగలడు. ఆ పనుల్లో ఒక్కటీ నెత్తికెత్తుకోని దేశం తటస్థంగా ఉన్నానని చెప్పుకుంటే, అక్కడ లేను అని చెప్పుకున్నట్టే.

కురుక్షేత్రానికి ముందు బలరాముడు ఇరుపక్షాలూ తనవాళ్ళేనని తీర్థయాత్రకు వెళ్ళిపోయాడు. పద్దెనిమిదో రోజున భీమ దుర్యోధనుల గదాయుద్ధం వేళకు తిరిగి వచ్చాడు. భీముడు తొడల మీద కొట్టగానే ఇది అధర్మమని నాగలి ఎత్తాడు. ఆయన చెప్పిన నియమం నిజమైనదే, గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టకూడదు. కానీ అప్పటికి అభిమన్యుడు పోయాడు, ద్రోణుడు పోయాడు, అక్షౌహిణులకు అక్షౌహిణులే పోయాయి. అన్నాళ్ళూ కనపడని మనిషి ఆఖరి రోజున వచ్చి చెప్పిన ధర్మం ఎవరికీ పనికిరాలేదు.

తటస్థత అంటే ఈ తీర్థయాత్రేనని మన దేశంలో చాలామంది అనుకుంటున్నారు. కాదని చూపించిన అనుభవం మన దగ్గరే ఉంది. కొరియా యుద్ధంలో, 1950 నుంచి 1954 వరకు, స్వతంత్రం వచ్చి మూడేళ్ళయినా పూర్తిగా నిండని భారతదేశం చేసిన పని అది. దాన్ని మనం దాదాపు మరిచిపోయాం. దక్షిణ కొరియా వాళ్ళు మనకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు రెండు కొరియాల మధ్య హద్దయిన 38వ అక్షాంశం దాటి దక్షిణానికి దిగాయి. ఆ నెల భద్రతామండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది మన ప్రతినిధి బెనగళ్ నర్సింగరావు, అంతకుముందు రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసినాయన. చైనా స్థానాన్ని పెకింగ్ (ఇప్పటి బీజింగ్)లోని కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వనందుకు నిరసనగా సోవియట్ ప్రతినిధి అప్పట్లో మండలికి రావడం మానేశాడు. దాడి ఆపి వెనక్కి పొమ్మన్న మొదటి తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటేసింది. దక్షిణ కొరియాకు సాయపడాలన్న రెండో తీర్మానం మీద ఓటింగులో పాల్గొనలేదు, తరవాత సమ్మతి చెప్పింది. అమెరికా చేతి కింద ఉమ్మడి సైనిక కమాండ్ పెట్టాలన్న మూడో తీర్మానానికి మాత్రం ఓటెయ్యలేదు.

ఈ మూడు ఓట్లను వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దాడిని దాడి అనడానికి ఢిల్లీ వెనకాడలేదు. ఆ దాడికి జవాబుగా జరిగే యుద్ధంలో సైనికుడిగా చేరడానికి మాత్రం ఒప్పుకోలేదు. తటస్థంగా ఉండాలంటే ఎవరు మొదలుపెట్టారో కూడా చెప్పకూడదని ఈమధ్య మన వ్యాఖ్యాతలు కొందరు వాదిస్తున్నారు. 1950 నాటి మన దౌత్యవేత్తలకు అలాంటి మొహమాటం లేదు.

సైన్యం పంపమని అడిగితే నెహ్రూ ప్రభుత్వం వైద్యదళాన్ని పంపింది. దాని పేరు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్, విమానం నుంచి పారాచూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికుల్లో ఒకరు. మూడు వందల పైచిలుకు మంది 1950 నవంబరులో బుసాన్ రేవులో దిగారు. డిసెంబరు మొదటి వారానికల్లా వాళ్ళలో ఎక్కువమంది ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఉన్నారు. అప్పటికే చైనా సేనలు విరుచుకుపడి, ఐక్యరాజ్యసమితి సేనలు దక్షిణానికి పారిపోతున్నాయి. వెంటనే ఊరు విడిచిపెట్టమని ఆదేశం వచ్చింది. సామాను మొయ్యడానికి లారీలు లేవు. శస్త్రచికిత్స పరికరాలు, మందులు అక్కడే వదిలేసి ప్రాణాలు దక్కించుకుని పొమ్మన్నారు. పరికరాలు వదిలేస్తే ఆ శీతాకాలమంతా ఆ దళం ఎందుకూ కొరగాదు. రంగరాజ్ మనుషులు స్టేషన్ యార్డులో ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు పట్టుకున్నారు. బాయిలరుకు నీళ్ళు నింపి, బొగ్గు వేసి, రైలు నడపడం కాస్తో కూస్తో తెలిసిన తమ మనుషులతోనే దాన్ని కదిలించారు. తమ సామానంతా ఎక్కించుకుని నది మీది వంతెన దాటాక, వెనక ఆ వంతెనను పేల్చేశారు.

పారాచూట్ దళమన్న పేరు ఉట్టిది కాదు. 1951 మార్చి 23న ముంసాన్ దగ్గర అమెరికా 187వ దళంతో పాటు మన వైద్యుల జట్టు ఒకటి ఆకాశం నుంచి దూకి, నేల మీద శస్త్రచికిత్సలు చేసింది. ఇంకో భాగం దేగూలో ఉండి అక్కడి ప్రజలకు వైద్యం చేసింది. ఆ దళం మూడేళ్ళకు పైగా అక్కడే ఉంది. రెండు లక్షల మందికి పైగా వైద్యం చేసిందని మన సైన్యం లెక్క. రంగరాజ్‌కు మహావీర చక్ర ఇచ్చారు.

ఒక పక్షం సేనల వెంట నడిచిన ఆసుపత్రి తటస్థం ఎలా అవుతుందని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఆసుపత్రి ఐక్యరాజ్యసమితి కమాండ్ కింద పనిచేసింది, ఉత్తరం వైపు అలాంటిది వెళ్ళలేదు. కాబట్టి వైద్యదళం ఒక్కటే ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. దానితో పాటే ఇంకో పని నడిచింది, అది ఇద్దరితోనూ మాట్లాడే పని.

1950 అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక పెకింగ్‌లో మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను నిద్రలేపి చైనా ప్రధాని చౌ ఎన్ లై దగ్గరికి తీసుకువెళ్ళారు. అమెరికా సేనలు 38వ అక్షాంశం దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని చౌ చెప్పాడు. అమెరికాకు అప్పుడు పెకింగ్‌లో రాయబారి లేడు. ఆ మాట వాషింగ్టన్ చేరడానికి దారి ఢిల్లీ మీదుగానే. పణిక్కర్ కబురు పంపారు, ఢిల్లీ లండన్‌కూ వాషింగ్టన్‌కూ చేరవేసింది. అమెరికా విదేశాంగమంత్రి అచెసన్, అధ్యక్షుడు ట్రూమన్ దాన్ని నమ్మలేదు. పణిక్కర్ చైనాకు వంతపాడే మనిషని కొట్టిపారేశారు. అక్టోబరు 7న ఉత్తరంలోకి వెళ్ళడానికి దారి తీసిన తీర్మానం సర్వప్రతినిధి సభలో నెగ్గింది, భారత్ ఓటెయ్యలేదు. అక్టోబరు 19న చైనా సేనలు సరిహద్దులోని యాలూ నది దాటి కొరియాలోకి వచ్చాయి. ప్యాంగ్యాంగ్ స్టేషన్‌లో మనవాళ్ళు ఇంజను వెతుక్కోవాల్సి వచ్చింది అందువల్లే.

ఈ ఘటనను మన గొప్ప చెప్పుకోడానికి కొందరు వాడతారు, "మేం ముందే చెప్పాం" అన్నట్టు. నాకు అందులో కనిపించేది వేరు. సరైన కబురు సరైన సమయానికి చేరినా దాన్ని మోసుకొచ్చినవాడి మీద నమ్మకం లేకపోతే వృథా అయింది. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో రాదు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఇష్టం లేని మాటలు ఇద్దరికీ చెప్పుకుంటూ పోతే వస్తుంది. భారత్ ఆ తరవాతి రెండేళ్ళూ చేసింది అదే.

దానికి ఎంత ఖర్చయిందో కూడా చెప్పాలి. 1950 చివర్లో మన దేశంలో కరువు. డిసెంబరులో భారత్ 20 లక్షల టన్నుల ధాన్యం కోసం అమెరికాను అడిగింది. ఆ అర్జీ వాళ్ళ కాంగ్రెసులో నలుగుతుండగానే, 1951 ఫిబ్రవరి 1న, చైనాను దురాక్రమణదారుగా ప్రకటించే తీర్మానం ఐక్యరాజ్యసమితిలో ఓటింగుకు వచ్చింది. చైనాకు ఆ ముద్ర వేస్తే సంధికి తలుపు మూసుకుపోతుందని భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. సోవియట్ కూటమి కాక అలా ఓటేసిన దేశాలు రెండే, మనమూ బర్మా. అమెరికన్ సభ్యులు మండిపడ్డారు, మన విదేశాంగ విధానాన్ని తిట్టుకుంటూ ధాన్యం బిల్లును నెలలకు నెలలు సాగదీశారు. చివరికి జూన్‌లో, దానంగా కాక 19 కోట్ల డాలర్ల అప్పుగా ఇచ్చారు. తిండిగింజల కోసం చెయ్యి చాచిన దేశం, ఇచ్చేవాడి మొహం మీద వద్దని ఓటెయ్యగలిగింది. ఈ రోజు మన ఆర్థికబలం గురించి రోజూ చెప్పుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఖైదీల విషయం. నా వాదనకంతటికీ ఇదే ఆయువుపట్టు.

సంధి చర్చలు 1951 జులైలో మొదలయ్యాయి. యుద్ధం ఆగింది 1953 జులైలో. ఆ రెండేళ్ళలో సరిహద్దు రేఖ పెద్దగా కదల్లేదు, చావులు మాత్రం ఆగలేదు. మిగతా అంశాలన్నీ దాదాపు తేలిపోయాక కూడా చర్చలు ఒక్క చోట ఇరుక్కున్నాయి, అది యుద్ధఖైదీల దగ్గర. 1949 జెనీవా ఒప్పందం 118వ అధికరణం ప్రకారం పోరు ముగియగానే ఖైదీలందర్నీ ఆలస్యం చెయ్యకుండా వదిలి స్వదేశాలకు పంపాలి. అమెరికా చేతిలో ఉన్న చైనా, ఉత్తర కొరియా ఖైదీల్లో వేలమంది వెనక్కి వెళ్ళబోమన్నారు. బలవంతంగా పంపబోమని అమెరికా, ఒప్పందం ప్రకారం అందర్నీ పంపాల్సిందేనని చైనా. ఇద్దరి దగ్గరా న్యాయం కొంత ఉంది, ప్రతిష్ఠ పట్టింపు అంతకు మించి ఉంది. దాంతో ముడి బిగుసుకుపోయింది.

1952 శీతాకాలంలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి వి.కె. కృష్ణమీనన్ ఒక మధ్యేమార్గం తయారుచేశారు. బలప్రయోగంతో ఎవర్నీ పంపకూడదు, ఆపకూడదు. ఖైదీల్ని తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించాలి, అక్కడ ఒక్కొక్కరూ తమ ఇష్టం చెప్పుకోవాలి. అమెరికా మొదట మూతి ముడిచింది. సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ ఇంకా ఘాటుగా తిట్టాడు. డిసెంబరు 3న తీర్మానం 54 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకించినవి 5, అంతా సోవియట్ కూటమే. చైనా తిరస్కరించింది. మన పత్రికల్లో కూడా దౌత్యం బెడిసికొట్టిందన్న మాటే వినిపించింది. మూడు నెలల తరవాత, 1953 మార్చి 5న, స్టాలిన్ చనిపోయాడు. ఆ నెల 30న చౌ ఎన్ లై, వెళ్ళడానికి ఇష్టపడని ఖైదీల్ని తటస్థ దేశానికి అప్పగించడానికి ఒప్పుకున్నాడు. బల్ల మీద అప్పటికే సిద్ధంగా ఉన్న ముసాయిదా మీనన్‌ది. జూన్‌లో కుదిరిన ఖైదీల ఒప్పందం దాని పోలికలతోనే ఉంది. మధ్యవర్తి పని చాలామటుకు ఇలాంటిదే. ఎవరూ అడగనప్పుడు కాగితం రాసి పెట్టుకోవాలి, తిట్లు తినాలి, కాలం కలిసొచ్చేదాకా దాన్ని చించెయ్యకుండా ఉంచాలి.

కాగితం రాసిన దేశాన్నే ఆ పని చెయ్యమన్నారు. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారత్ కలిసి కమిషన్. రెండు దేశాలు ఒక వైపు మొగ్గేవి, రెండు ఇంకో వైపు. అధ్యక్షత, నిర్ణాయక ఓటు మనవి. అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీల కాపలాకు దాదాపు ఆరువేల మంది భారత సైనికులు, నాయకుడు మేజర్ జనరల్ ఎస్.పి.పి. తోరట్. వేరే ఏ దేశమూ సైన్యం ఇవ్వలేదు.

దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీకి ఈ ఏర్పాటే గిట్టలేదు. సంధికి ముందే జూన్‌లో తన కాపలాలో ఉన్న పాతిక వేలకు పైగా ఖైదీల్ని రాత్రికి రాత్రి శిబిరాల నుంచి వదిలేశాడు. భారత సైనికుడెవడూ తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. ఆరువేల మందీ ఇంచోన్ రేవు దగ్గర ఓడల మీదే ఆగి, అమెరికన్ హెలికాప్టర్లలో విడతలు విడతలుగా నిస్సైనిక మండలానికి చేరారు. అక్కడ డేరాలు వేసుకుని ఆ చోటుకు హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు.

దక్షిణం వైపు నుంచి 22,604 మంది ఖైదీలు వచ్చారు, అందులో 14,704 మంది చైనీయులు. ఉత్తరం వైపు నుంచి 359 మంది, వాళ్ళలో 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిషర్, మిగతావాళ్ళు దక్షిణ కొరియన్లు. కాపలాకు వచ్చిన భారతీయులు కమ్యూనిస్టులకు అమ్ముడుపోయారని మొదటి గుంపుకు ముందే నూరిపోశారు. వాళ్ళు వస్తూనే రాళ్ళు విసిరారు. చాలామంది చైనా ఖైదీల ఒంటి మీద కమ్యూనిజాన్ని తిట్టే పచ్చబొట్లు ఉన్నాయి. కొందరు ఇష్టపడి పొడిపించుకున్నారు, కొందరికి బలవంతంగా పొడిచారు. ఆ పచ్చబొట్టుతో సొంత ఊరికి తిరిగి వెళ్ళడమంటే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఆవరణల లోపల నాయకులు ఖైదీలే, వాళ్ళ మాటే చట్టం. ఇంటికి పోతానని పైకి అంటే తన్నులు, ఒక్కోసారి ప్రాణమే పోయేది. అందుకని ఇంటికి పోదలచినవాడు చీకట్లో ముళ్ళకంచె ఎక్కి, చేతులు చీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా అవతలి పక్కన ఉన్న భారత సిపాయి ముందుకు దూకేవాడు. అంతసేపూ ఆ సిపాయి చేతిలో తుపాకీ ఉంది. దాన్ని పేల్చకుండా ఉండడమే అతని ఉద్యోగం.

ఒకసారి ఖైదీలు మన మేజరు ఒకర్ని లోపలికి లాక్కుపోయి బందీ చేశారు. తోరట్ కొద్దిమందితో తానే ఆ ఆవరణలోకి నడిచి వెళ్ళారు. వేలమంది చుట్టుముట్టిన చోట మాటలతోనే వాళ్ళను చల్లబరిచి మేజరును విడిపించుకు వచ్చారు. ప్రతిసారీ ఇలా సుఖాంతం కాలేదు. అక్టోబరు మొదట్లో ఖైదీలు తిరగబడినప్పుడు మనవాళ్ళు కాల్పులు జరిపారు, ఖైదీలు చనిపోయారు. ఇది దాచి పెట్టాల్సిన విషయం కాదు. శాంతి కోసం వెళ్ళినవాడి చేతికి కూడా రక్తం అంటుకునే అవకాశం ఉంది, అది తెలిసే వెళ్ళాలి.

విచారణ డేరాలకు రెండు తలుపులు. లోపల చైనా లేదా ఉత్తర కొరియా అధికారులు, ఐదు దేశాల ప్రతినిధులు, దుబాసీలు. ఖైదీని ఇద్దరు భారత సిపాయిలు తీసుకొచ్చేవాళ్ళు. "ఇంటికి రా, అమ్మ ఎదురు చూస్తోంది, ఎవరూ నిన్నేమీ అనరు" అన్న ధోరణిలో అధికారి చెప్పేవాడు. ఖైదీ అరిచేవాడు, ఉమ్మేవాడు, కుర్చీలో కూర్చోనని పెనుగులాడేవాడు. చివరికి ఒక తలుపు గుండా వెళ్తే ఇంటికి, రెండోదాని గుండా వెళ్తే తిరిగి కంచె లోపలికి. ఒక్కో మనిషి దగ్గర గంటలు పట్టేది. తొంభై రోజుల గడువులో ఇది నిజంగా సాగింది దాదాపు పది రోజులే. మిగతా రోజులు ఖైదీలు రాం అన్నారు, లేదా అధికారులు ఇలాగైతే మాట్లాడం అన్నారు. బలవంతంగా లాక్కొద్దామంటే స్విస్, స్వీడన్ ప్రతినిధులు ఒప్పుకోలేదు. లాక్కురావాల్సిందేనని పోలిష్, చెక్ ప్రతినిధులు.

లెక్క తేలేసరికి 22,604 మందిలో ఇంటికి వెళ్ళినవాళ్ళు ఆరు వందల పైచిలుకే. రెండో గుంపులోని 359 మందిలో పదిమంది వెనక్కి వెళ్ళారు, 21 మంది అమెరికన్లు చైనా వైపే ఉండిపోయారు. కొరియా సమస్య మీద రాజకీయ సభ జరిగి మిగిలినవాళ్ళ సంగతి తేల్చాలన్నది ఒప్పందం, ఆ సభే జరగలేదు. గడువు ముగిసింది. తిమ్మయ్య ముందు అన్నీ చెడ్డ దారులే మిగిలాయి. కమిషన్ పేరుతో వాళ్ళను విడుదల చేస్తే ఒప్పందంలో లేని అధికారం చేతికి తీసుకున్నట్టు. ఉంచుకుంటే గడువు దాటి నిర్బంధించినట్టు. 1954 జనవరి 20న ఆయన వాళ్ళను ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారో వాళ్ళకే తిరిగి అప్పగించడం మొదలుపెట్టారు. చైనా ఇది మోసమంది. అంతకుముందు నెలలన్నీ దక్షిణ కొరియా మనల్ని శత్రువులుగానే చూసింది.

ఇది విఫలమైన పని అని వాదించేవాళ్ళున్నారు. చాలామంది ఖైదీలకు స్వేచ్ఛగా చెప్పుకునే అవకాశమే రాలేదు, నాయకుల భయంతో నోరు మూసుకున్నారు అన్నది నిజం. తిమ్మయ్య కూడా కమిషన్ నివేదికలో దీన్ని దాచలేదు. అయినా ఈ పని లేకపోతే జరిగేదేమిటో చూడాలి. సంధి కుదరడానికి అడ్డుపడ్డ ఒకే ఒక్క ముడి ఇది. విప్పడానికి ఎవరో ఒకరు ఖైదీల్ని తమ చేతుల్లోకి తీసుకోవాలి. రెండు సేనలూ పరువు పోకుండా కాల్పులు ఆపాలంటే నింద మొయ్యడానికి మూడోవాడు కావాలి. ఆ నింద మనం మోశాం. జులై 27న తుపాకులు ఆగడానికి అది ఒక కారణం. నాకు ఇంతకంటే పెద్ద సాఫల్యం కనపడదు.

ఇంకో 88 మంది ఉన్నారు. వీళ్ళు ఉత్తరానికీ పోమన్నారు, దక్షిణానికీ పోమన్నారు, తైవాన్ వద్దు, చైనా వద్దు. ఎక్కడికైనా తటస్థ దేశానికి పంపమన్నారు. ఎక్కువమంది కొరియన్లు, పన్నెండు మంది చైనీయులు. తీసుకోడానికి ఏ దేశమూ ముందుకు రాలేదు. 1954 ఫిబ్రవరిలో మన సైనికులు తిరిగి వస్తూ వాళ్ళనూ ఓడ ఎక్కించుకు వచ్చారు. తరవాత చాలామంది బ్రెజిల్, అర్జెంటీనా వెళ్ళిపోయారు, కొద్దిమంది ఇక్కడే స్థిరపడ్డారు. ఏ ఒప్పందమూ పరిష్కరించలేని మనుషులు ప్రతి యుద్ధంలోనూ కొందరు మిగులుతారు. వాళ్ళకు ఇంట్లో ఇంత చోటు ఇవ్వడం కూడా తటస్థ దేశం పనే.

ప్రతిఫలంగా దక్కిందేమిటి? కొరియా రాజకీయ సభలో భారత్ ఉండాలా అన్న ప్రశ్న 1953 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి కమిటీలో ఓటింగుకు వచ్చింది. రీ వద్దన్నాడు, అమెరికా అతని పక్షాన నిలబడింది. 27 దేశాలు భారత్ ఉండాలన్నాయి, 21 వద్దన్నాయి. మూడింట రెండొంతులు రాదని తెలిసి భారత్ తనంతట తానే తప్పుకుంది. అంటే కూర్చుని మాట్లాడే సభలో మనకు కుర్చీ లేదని తేలాకే, ఆ సెప్టెంబరులో, మన సైనికులు రాళ్ళదెబ్బలు తినడానికి వెళ్ళారు. అలిగి ఆ పని మానెయ్యలేదు. ఈ వరస క్రమం తెలిసినప్పటి నుంచి నెహ్రూ మీద నాకున్న ఎన్నో అభ్యంతరాల మధ్య కూడా ఈ ఒక్క విషయంలో గౌరవం తగ్గలేదు.

"ఆ ఆదర్శాలే 1962లో మన కొంప ముంచాయి" అన్న మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. చైనా విషయంలో నెహ్రూ ప్రభుత్వం సరిహద్దులో చేసిన తప్పులు వేరు, కొరియాలో చేసిన పని వేరు. రెండిటినీ కలిపేస్తే రెండూ అర్థం కావు. పైగా కొరియాలో చేసింది ఉత్త ఆదర్శం కాదు. 1950 నవంబరు 30న ట్రూమన్ విలేకరుల ముందు అణుబాంబు వాడకం కూడా ఆలోచనలో ఉందన్నట్టు మాట్లాడితే, బ్రిటిష్ ప్రధాని అట్లీ హడావుడిగా వాషింగ్టన్ పరుగెత్తాడు. హిరోషిమా జరిగి అప్పటికి అయిదేళ్ళే. ఆసియాలో ఇంకో బాంబు పడకుండా చూసుకోవడం, చైనా అమెరికాల యుద్ధం మన గుమ్మం దాకా రాకుండా చూసుకోవడం కంటే స్వప్రయోజనం ఏముంటుంది?

మనం ఒక్కళ్ళమే ఇలా చేశామని కాదు. 1941 శీతాకాలంలో జర్మనీ, ఇటలీ ఆక్రమించిన గ్రీసులో, బ్రిటన్ నౌకా దిగ్బంధం కూడా తోడై, ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో రాలిపోతున్నప్పుడు తటస్థ టర్కీ కుర్తులుష్ అనే పాత ఓడలో ఆహారం పంపింది. అది కొన్ని ప్రయాణాలు చేసి 1942 జనవరిలో మర్మరా సముద్రంలో మునిగిపోతే ఇంకో ఓడను పెట్టారు. ఆ ఏడాది నుంచి తటస్థ స్వీడన్ ఓడలు కెనడా గోధుమలు మోశాయి, నెలకు 15,000 టన్నుల లెక్కన. దీనికి బ్రిటన్ దిగ్బంధం సడలించాలి, జర్మనీ ఆ గింజలు తను మింగనని మాటివ్వాలి. ఇద్దర్నీ ఒప్పించింది తటస్థులూ రెడ్‌క్రాసూ. అదే స్వీడన్ జర్మనీకి ఇనుప ఖనిజం అమ్ముకుంది. రెడ్‌క్రాస్‌కు పుట్టినిల్లయిన స్విట్జర్లాండ్ 1942 ఆగస్టులో యూదు శరణార్థులకు సరిహద్దు మూసి వేలమందిని వెనక్కి తరిమింది, జర్మనీ దోచుకొచ్చిన బంగారం కొన్నది. తటస్థతకు ఈ మురికి ముఖం కూడా ఉంది. ఏ దేశమూ పూర్తిగా ఒక ముఖంతోనే లేదు, అందుకే ఏం చేశారో ఒక్కో పనీ పట్టి చూడాలని నేను అంటున్నది.

ఇప్పుడు ఉక్రెయిన్. 2022 మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యా దాడిని ఖండించాయి, 35 ఓటెయ్యలేదు, అందులో మనం ఒకరం. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు, తరవాత మూడో వంతు దాటింది. ఉక్రెయిన్‌కు మందులు, దుప్పట్లు, జనరేటర్లు పంపాం. మన విద్యార్థుల్ని వెనక్కి తెచ్చుకున్నాం. ప్రధాని 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో పుతిన్ ఎదుటే ఇది యుద్ధాల కాలం కాదన్నారు, 2024 ఆగస్టులో కీవ్ వెళ్ళారు. వీటిలో దేన్నీ నేను తీసిపారెయ్యను. చమురు కొనడం మీద కూడా నాకు పెద్దగా ఫిర్యాదు లేదు, పేద జనం ఉన్న దేశం చవకగా దొరికిన చోట కొనుక్కుంటుంది. కానీ రెండు వైపులా తలుపు తెరిచి ఉన్న అతి కొద్ది పెద్ద దేశాల్లో మనం ఒకరం. ఆ తలుపు గుండా ఏం మోశాం?

టర్కీ మోసింది. 2022 జులై 22న ఐక్యరాజ్యసమితితో కలిసి ఇస్తాంబుల్‌లో నల్లసముద్రం ధాన్య ఒప్పందం కుదిర్చింది. రష్యా, ఉక్రెయిన్, టర్కీ, ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు కలిసి ఓడలెక్కి సోదా చేశారు. ఏడాదిలో 3 కోట్ల టన్నులకు పైగా గింజలు బయటికి వచ్చాయి, తరవాత రష్యా తప్పుకుంది. ఇదే టర్కీ ఉక్రెయిన్‌కు డ్రోన్లు అమ్మింది, రష్యా మీద ఆంక్షల్లో చేరలేదు. మచ్చలేని దేశమేమీ కాదు, పని మాత్రం చేసింది. యుద్ధఖైదీల మార్పిడికి యూఏఈ పదే పదే మధ్యవర్తిగా నిలబడి వేలమందిని ఇళ్ళకు చేర్చింది. తల్లిదండ్రులకు దూరమై రష్యా చేతిలో ఉన్న ఉక్రెయిన్ పిల్లల్ని కొద్దికొద్దిగా తిరిగి తెప్పించే పని ఖతార్ పట్టుకుంది. యూఏఈ, ఖతార్ రెండూ మన పెద్ద జిల్లా ఒక్కోదానంత జనాభా ఉన్న దేశాలు.

ఖైదీల పని ఎలా చెయ్యాలో మనకు అనుభవంతో తెలుసు. ఆ డేరాలు వేసింది మనం, ఆ నివేదికలు రాసింది మనం. మాస్కోలోనూ కీవ్‌లోనూ మన రాయబారులున్నారు, రెండు చోట్లా వాళ్ళకు తలుపు తీస్తారు. పిల్లల పేర్ల జాబితాలు సరిపోల్చడానికి, తల్లులూ పిల్లలూ కలుసుకోడానికి ఢిల్లీలో ఒక చోటు చూపిస్తామని మన విదేశాంగశాఖ రెండు పక్షాలకూ రాతపూర్వకంగా చెప్పొచ్చు. గాయపడి పోరాడలేని స్థితిలో ఉన్న ఖైదీల్ని యుద్ధం ముగిసేదాకా తటస్థ దేశంలో ఉంచి వైద్యం చేయించే వీలు మూడో జెనీవా ఒప్పందంలోనే ఉంది, దానికి మన సైనిక ఆసుపత్రులు ఇస్తామనొచ్చు. వాళ్ళు కాదంటారా, అనొచ్చు. 1952 డిసెంబరులో కూడా కాదన్నారు. మన పార్లమెంటు సభ్యుల్లో ఏ పార్టీవారైనా సరే, ఈ రెండు ప్రతిపాదనలూ ఎప్పుడైనా పంపారా, పంపకపోతే ఎందుకు పంపలేదు అని విదేశాంగ మంత్రిని సభలో అడగాలి. జవాబు రికార్డులో ఉండాలి.